పది సెకన్ల మెషీనూ, పేరు లేని డ్రమ్మరూ

మొదటిసారి విన్నప్పుడు పక్కింట్లో కుక్కర్ కూత పెడుతోందనుకున్నాను. హెడ్‌ఫోన్స్ తీసి చూస్తే కుక్కరూ లేదు, ఏమీ లేదు. మళ్ళీ పెట్టుకుంటే మళ్ళీ అదే కూత. కింద నుంచి గీరుకుంటూ పైకి లేచి, ఆగకుండా పాట పొడుగునా తిరిగి తిరిగి వస్తోంది. పబ్లిక్ ఎనిమీ వాళ్ళ 'రెబెల్ వితౌట్ ఎ పాజ్' అన్న పాట అది. 1987లో సింగిల్‌గా వచ్చి, తర్వాత 1988 జూన్ 28న విడుదలైన 'ఇట్ టేక్స్ ఎ నేషన్ ఆఫ్ మిలియన్స్ టు హోల్డ్ అజ్ బ్యాక్' ఆల్బంలో చేరింది. (ఇంత పొడుగు పేరు ప్రతిసారీ రాయడం నా వల్ల కాదు. ఇక్కణ్ణుంచి 'నేషన్' అంటాను.)

ఆ కూత సైరనూ కాదు, సింథసైజరూ కాదు. జేమ్స్ బ్రౌన్ దగ్గర వాయించే 'ది జేబీస్' అనే బృందం 1970లో 'ది గ్రంట్' అని ఒక రికార్డు చేసింది. దాని మొదట్లోనే ఒక శాక్సోఫోన్ కేక ఉంటుంది. అది ఒక క్షణం వినిపించి పోతుంది, తర్వాత పాట మామూలుగా నడుస్తుంది. పబ్లిక్ ఎనిమీ వాళ్ళు ఆ క్షణాన్ని పట్టుకుని, పాటంతా అదే మోగేలా చేశారు. అసలు పాట విన్నాక కూడా ఆ ముక్క ఇందులోదేనని నమ్మడానికి నాకు నాలుగైదు సార్లు పట్టింది.

ఆ రోజు నుంచి ఒకటే పురుగు నన్ను తొలిచేస్తోంది. వీళ్ళు దీన్ని ఎలా చేశారు? ఏ మెషీన్ మీద చేశారు, ఎంత మెమరీలో చేశారు? ఆఫీసులో భోజనాల దగ్గర ఈ మాటెత్తితే ఎప్పుడూ ఒకే జవాబు: "వాళ్ళు సొంతంగా చేసేదేముంది, పాత పాటలు కట్ చేసి అతికిస్తారు, అంతేగా!" అంతే అయితే ఇంత వెతికే పని ఉండేది కాదు. అతికించడంలో ఎంత పని ఉందో ముందు చెబుతాను. ఆ తర్వాత ఆ పని ఎవరి చేతి మీదుగా నడిచింది, డబ్బెవరికి పోయింది అన్న సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే నేను మెషీన్ గురించి వెతకడం మొదలెట్టి చివరికి ఒక డ్రమ్మర్ దగ్గర ఆగిపోయాను.

ఆల్బం చేసిన వాళ్ళని 'బాంబ్ స్క్వాడ్' అంటారు. హ్యాంక్ షాక్లీ, ఆయన తమ్ముడు కీత్ షాక్లీ, ఎరిక్ శాడ్లర్, ఇంకా పాడే మనిషి చక్ డి (అసలు పేరు కార్ల్టన్ రైడెన్‌అవర్). అందరూ న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్ వాళ్ళు. స్టూడియోకి వెళ్ళక ముందు 'స్పెక్ట్రమ్ సిటీ' పేరుతో పార్టీలకి సౌండ్ సిస్టమ్ కట్టేవాళ్ళు. మన ఊళ్ళల్లో పెళ్ళిళ్ళకి మైక్ సెట్ కట్టేవాళ్ళలాగ అనుకోండి. అడెల్ఫీ యూనివర్సిటీ రేడియోలో షో కూడా చేశారు. అంచేత వీళ్ళకి స్వరాలూ రాగాలూ కంటే ముందు తెలిసింది స్పీకర్లోంచి ఏది జనాన్ని లేపుతుందన్న సంగతి. తను సంగీతకారుణ్ణి కానని హ్యాంక్ షాక్లీయే చెప్పుకున్నాడు. నలుగురిలో ఆ బాధ్యత శాడ్లర్‌ది. ఆయన శుభ్రంగా, శ్రుతిలో ఉండాలంటాడు, హ్యాంకేమో గోల కావాలంటాడు. వీళ్ళిద్దరి పేచీయే ఆల్బం రుచి అని నాకనిపిస్తుంది.

కొంచెం వెనక్కి వెళ్తాను. 1970ల్లో బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ లాంటి డీజేలు గమనించిందేమిటంటే, పాటలో గాయకుడూ బాజాలూ ఆగిపోయి డ్రమ్ములు మాత్రం మోగే చోట జనం ఎక్కువ ఊగుతారని. దాన్ని 'బ్రేక్' అన్నారు. బ్రేక్ పది ఇరవై సెకన్లలో అయిపోతుంది కదా, అందుకని ఒకే రికార్డువి రెండు కాపీలు రెండు టర్న్‌టేబుల్స్ మీద పెట్టి, ఒకటి అయిపోతుంటే రెండోదాన్ని వెనక్కి తిప్పి, అలా సాగదీశారు. లూప్ అన్నది ముందు చేతుల్లో పుట్టింది, మెషీన్ తర్వాత వచ్చింది. 1980ల మధ్యలో మార్లీ మార్ల్ అనే ఆయన పాత రికార్డులోంచి ఒక్క స్నేర్ దెబ్బని శాంప్లర్లోకి పట్టుకుని, దాన్ని తనకిష్టమైన చోట వాయించుకోవచ్చని కనిపెట్టాక, అప్పటిదాకా డ్రమ్ మెషీన్ల డబ్బా చప్పుడుతో నడిచిన హిప్-హాప్ మొహమే మారిపోయింది.

ఇహ మెషీన్ సంగతి. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టండి.

బాంబ్ స్క్వాడ్ పనిలో ముఖ్యమైన పెట్టెలు రెండు. ఒకటి అకాయ్ కంపెనీ ఎస్900, 1986లో వచ్చింది. రెండోది ఈ-మ్యూ వాళ్ళ ఎస్పీ-1200, 1987లో వచ్చింది. ఈ రెండోదాని స్పెసిఫికేషన్ చూస్తే మనలాంటి వాళ్ళకి ఎక్కడో గంట మోగుతుంది. 12 బిట్ శాంపిళ్ళు, సెకనుకి 26,040 శాంపిళ్ళు, మొత్తం జాగా 10.07 సెకన్లు. ఈ 10.07 ఎక్కణ్ణుంచి వచ్చిందా అని కాలిక్యులేటర్ తీసి గుణించాను. 2,62,144ని 26,040తో భాగిస్తే 10.07. అంటే రెండుకి పద్ధెనిమిదో ఘాతం! మొత్తం 256కే శాంపిళ్ళు, ఒక్కోటి ఒకటిన్నర బైటు చొప్పున 384 కేబీ. అంతే. మీ మెయిల్లో సంతకం కింద ఉండే కంపెనీ లోగో ఒక్కోసారి ఇంతకంటే పెద్దది.

ఇంకో నిబంధన కూడా ఉంది. ఒక్కో శాంపిల్ రెండున్నర సెకన్లు దాటకూడదు. 65,536ని 26,040తో భాగించి చూసుకోండి, ఎందుకో తెలిసిపోతుంది :)

ఈ రెండున్నర సెకన్ల గీత ఎంత ముఖ్యమో చూడండి. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్' పాట నడక నిమిషానికి సుమారు 100 దరువులు. నాలుగు దరువుల బార్ ఒకటి అంటే 2.4 సెకన్లు. అంటే ఒక బార్ సరిగ్గా పడుతుంది, అంతకు మించి పట్టదు. అదీ 92 కేబీ తినేస్తుంది, ఉన్న జాగాలో పావు వంతు. అలాంటివి నాలుగు పెడితే మెషీన్ నిండిపోయింది. ఇంకా బాస్ ఎక్కడ పెడతావు, బాజా ఎక్కడ పెడతావు, ఎవరిదో ఉపన్యాసంలో ముక్క ఎక్కడ పెడతావు?

ఎస్పీ-1200 వాడే వాళ్ళందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది. 33 స్పీడులో తిరగాల్సిన ఎల్పీని 45లో తిప్పి రికార్డు చేసుకుంటారు. పాట 1.35 రెట్లు వేగంగా అయిపోతుంది కాబట్టి తక్కువ జాగా పడుతుంది. తర్వాత మెషీన్లో శ్రుతి కిందికి దించి మామూలు వేగానికి తెస్తారు. పది సెకన్లు కాస్తా పదమూడున్నర అవుతాయి. కంప్రెషన్ అన్న మాట వాళ్ళు వాడలేదు గానీ, చేసింది అదే.

ఇందులో పోగొట్టుకునేదేమిటంటే, అసలు పాట లెక్కన చూస్తే శాంప్లింగ్ రేటు సుమారు 19,300కి పడిపోతుంది. నైక్విస్ట్ గారి లెక్క ప్రకారం 9.6 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా గోవిందా. తాళాల మెరుపు, గాలి చప్పుడు పోతాయి. పైగా ఆ మెషీన్ శ్రుతి మార్చేటప్పుడు మధ్యలో విలువలు లెక్కకట్టి నింపదు, ఉన్న శాంపిల్నే మళ్ళీ వాడేస్తుంది. దాంతో అసలు పాటలో లేని ఒక లోహపు గరగర పుట్టుకొస్తుంది. ఎస్పీ-1200కి ఎనిమిది ఔట్‌పుట్లుంటే, చివరి రెంటికీ ఫిల్టరే ఉండదు, ఆ గరగర ఉన్నదున్నట్టు బయటికొస్తుంది. ఇంజనీర్ దృష్టిలో ఇది లోపం. వీళ్ళు దాన్నే పట్టుకున్నారు. కొన్నేళ్ళకి 16 బిట్ల శుభ్రమైన మెషీన్లు వచ్చాక కూడా జనం ఈ పాతదాన్ని వెతికి వెతికి కొనుక్కున్నది ఈ గరగర కోసమే.

హ్యాంక్ షాక్లీ ఒక ఇంటర్వ్యూలో చెప్పిన సంగతి నాకు బాగా పట్టింది. గిటారు వాద్యకారుణ్ణి పిలిపించి అదే ముక్క మళ్ళీ వాయించమంటే, రికార్డులోంచి తీసినంత గట్టిగా తగలదట. ఎందుకంటే రికార్డు మీద ఉన్నది ఒట్టి గిటారు కాదు. ఆ గది, ఆ మైకు, ఆ టేపు, పక్కన మోగుతున్న డ్రమ్ముల నీడ, ఆ తర్వాత మిక్స్ చేసినవాడు పిండిన పిండుడు, అన్నీ కలిసి గడ్డకట్టిన ముద్ద అది. మీరు తీసుకుంటున్నది స్వరాలని కాదు, 1970లో ఒక గదిలో ఒక మధ్యాహ్నాన్ని. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

పని పద్ధతి చూస్తే ఇంకా ఆశ్చర్యం. కంప్యూటర్ ముందు ఒక్కడు కూర్చుని వరసగా పేర్చుకుంటూ పోలేదు. నలుగురూ తలో పెట్టె దగ్గర నిలబడి, ఒక బ్యాండులో వాద్యకారుల్లా, ఒకడు డ్రమ్ములూ ఒకడు బాజా ముక్కలూ ఒకడు మాటలూ నొక్కుతూ పోయేవాళ్ళు. నూటికి తొంభై ఐదు పాళ్ళు చెత్తగా ఉండేదనీ, మిగిలిన ఐదు పాళ్ళ కోసమే అదంతా అనీ తర్వాత 'ఫియర్ ఆఫ్ ఎ బ్లాక్ ప్లానెట్' రోజుల గురించి వాళ్ళే చెప్పుకున్నారు. శాడ్లర్ ఇంకో సంగతి చెప్పాడు, ట్రిషియా రోజ్ 1994లో రాసిన 'బ్లాక్ నాయిజ్' పుస్తకంలో ఉంది. రికార్డింగ్ మీటర్లో ముల్లు ఎర్ర గీత దాటకూడదని ఏ స్టూడియోలోనైనా మొదటి పాఠం. వీళ్ళు కావాలనే ముల్లుని ఎర్రలో ఉంచారు. దాటితే శబ్దం చిట్లుతుంది, ఆ చిట్లడమే కావాలి. స్టూడియో ఇంజనీర్లకి మొదట్లో ఇది మింగుడు పడలేదంటే తప్పు వాళ్ళది కాదు. మన ప్రొడక్షన్ సర్వర్ని ఎవడైనా నూటికి నూరు శాతం లోడ్ మీద నడుపుతానంటే మనం మాత్రం ఊరుకుంటామా?

రికార్డింగ్ న్యూయార్క్‌లో చంగ్ కింగ్, గ్రీన్ స్ట్రీట్ లాంటి స్టూడియోల్లో జరిగింది. గ్రీన్ స్ట్రీట్‌లో ఈ ఆల్బం మీద పనిచేసిన నిక్ సన్సానో అదే ఏడు, అదే చోట, సోనిక్ యూత్ అనే రాక్ బృందం 'డేడ్రీమ్ నేషన్' మీద కూడా పనిచేశాడు. రెండూ గోలని ఇష్టపడే ఆల్బమ్‌లే, రెంటి పేర్లోనూ 'నేషన్' ఉండటం కాకతాళీయం.

'నైట్ ఆఫ్ ది లివింగ్ బేస్‌హెడ్స్' అన్న పాటలో ఇరవై దాకా ముక్కలున్నాయి. క్రాక్ మత్తులో పడి కొట్టుకుపోతున్న వాడల గురించిన పాట. అందులో మళ్ళీ ఆ 'గ్రంట్' ఉంది, డేవిడ్ బోవీ 'ఫేమ్' ఉంది, ఉపన్యాసాల ముక్కలున్నాయి. ఒక్కోటీ మెరిసి మాయమౌతుంది. 'షీ వాచ్ చానెల్ జీరో' కింద స్లేయర్ అనే మెటల్ బృందం గిటార్లున్నాయి. పాటల మధ్య వినిపించే జనం హోరు 1987లో లండన్ హ్యామర్‌స్మిత్ ఓడియన్‌లో వాళ్ళ కచేరీది. అప్పట్లో జనం ఎక్కువగా కొనేది క్యాసెట్లు. పక్కకి అరగంట చొప్పున గంట సేపు ఎక్కడా ఖాళీ టేపు తిరగకూడదని చక్ డి పట్టు. చివరికి 58 నిమిషాలకి కొంచెం తక్కువైంది. ఏ పక్క ముందు పెట్టాలన్నది కూడా ఆఖరి నిమిషంలో తిరగేశారట.

1988 చివర్లో 'విలేజ్ వాయిస్' పత్రిక అమెరికా విమర్శకులందరి చేతా వేయించిన ఓటింగులో ఈ ఆల్బం మొదటి స్థానంలో నిలిచింది. పాత పాటలు కట్ చేసి అతికించిన వాళ్ళకి!

ఇప్పుడు డ్రమ్మర్ దగ్గరికొస్తాను.

'ఫంకీ డ్రమ్మర్' పాటని 1969 నవంబరు 20న ఒహాయో రాష్ట్రం సిన్సినాటిలో రికార్డు చేశారు. డ్రమ్ముల మీద క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. పాటలో ఒక చోట జేమ్స్ బ్రౌన్ మిగతా వాళ్ళందర్నీ ఆపించి డ్రమ్మర్ని ఒంటరిగా వదిలేస్తాడు. ఎనిమిది బార్లు, ఇరవై సెకన్ల లోపు. ప్రత్యేకంగా విన్యాసమేమీ చెయ్యడు, సోలో అని రెచ్చిపోడు, అదే నడక నడుస్తాడు. స్నేర్ మీద గట్టి దెబ్బల మధ్య వినీ వినపడనట్టు చిన్న చిన్న తాకిడి దెబ్బలుంటాయి, అవే ప్రాణం. ఆ పాటంటే తనకి పెద్దగా ఇష్టం లేదని స్టబుల్‌ఫీల్డే తర్వాత అన్నాడు. 1986లో 'ఇన్ ది జంగిల్ గ్రూవ్' అనే సంకలనంలో పూర్తి పాటతో పాటు ఆ డ్రమ్ ముక్కని మాత్రమే తిప్పి తిప్పి మూడు నిమిషాలు సాగదీసిన ఒక రూపం కూడా వేశారు. ఇంకేముంది, శాంప్లర్ ఉన్న ప్రతివాడికీ వండి వడ్డించినట్టయింది. 'నేషన్'లో 'బ్రింగ్ ది నాయిజ్' కింద ఉన్నది అదే, 'రెబెల్' కింద ఉన్నదీ అదే. ఆ తర్వాత వచ్చిన పాటలు లెక్కపెట్టడం దండగ, వందల్లో ఉన్నాయి.

స్టబుల్‌ఫీల్డ్‌కి వీటిమీద రాయల్టీ రాలేదు.

ఎందుకు రాలేదన్నది దొంగతనం కథ కాదు, చట్టం కథ. ఒక రికార్డు మీద రెండు హక్కులుంటాయి. ఒకటి రచనది, అంటే స్వరం, సాహిత్యం. రెండోది ఆ రికార్డింగ్‌ది, అంటే మాస్టర్ టేపుది. మన భాషలో చెప్పాలంటే ఒకటి సోర్స్ కోడ్, ఇంకోటి బైనరీ. 'ఫంకీ డ్రమ్మర్' రచయితగా నమోదైన పేరు జేమ్స్ బ్రౌన్. మాస్టర్ టేపు కంపెనీది. డ్రమ్మర్ జీతానికి పనిచేసిన మనిషి, దరువు అన్నది రచన కిందికి రాదు. అంచేత రేపు ఎవరైనా ధర్మంగా అన్ని అనుమతులూ తీసుకుని, అడిగినంతా కట్టినా సరే, ఆ డబ్బు ఆ రెండు చిరునామాలకే పోతుంది. ఆ చేతులున్న మనిషికి పైసా రాదు.

(నేను ఒక ఉద్యోగంలో ఉన్నప్పుడు రెండు రాత్రులు కూర్చుని ఒక స్క్రిప్టు రాశాను. కొన్నేళ్ళ తర్వాత పాత సహోద్యోగి ఒకడు చూపిస్తే, అది ఇంకా నడుస్తోంది, పైన ఆథర్ అన్న చోట మాత్రం వేరే పేరుంది. కంపెనీది కాబట్టి నాకు హక్కు లేదు, జీతం తీసుకున్నాను, అంతా సక్రమమే. పేరు కోసం పని చెయ్యనని చెప్పుకునేవాణ్ణి, ఆ రోజు మాత్రం మనసు చివుక్కుమంది.)

సరే, చట్టం అప్పుడు ఏం చేసింది? 'నేషన్' చేసిన రోజుల్లో శాంప్లింగ్ మీద కోర్టు గీసిన గీత లేదు. ఆ కిటికీ తెరిచి ఉన్న కాలంలో వచ్చినవే 'నేషన్', 1989లో డి లా సోల్ 'త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్', బీస్టీ బాయ్స్ 'పాల్స్ బొటీక్', 1990లో పబ్లిక్ ఎనిమీ తర్వాతి ఆల్బం 'ఫియర్ ఆఫ్ ఎ బ్లాక్ ప్లానెట్'. 1991 డిసెంబరులో న్యూయార్క్ కోర్టులో గిల్బర్ట్ ఓ'సలివన్ పాటని బిజ్ మార్కీ వాడుకున్న కేసు తేలింది. దొంగతనం చేయరాదన్న బైబిలు ఆజ్ఞతో జడ్జి డఫీ తీర్పు మొదలెట్టాడు. ఆ తర్వాత ప్రతి ముక్కకీ అనుమతి, ప్రతి అనుమతికీ రేటు. ఒక పాటలో ఒక ముక్క ఉంటే బేరమాడొచ్చు. ఇరవై ముక్కలున్న పాటకి? ఒక్కొక్కరూ రచనలో సగం వాటా అడిగితే ఇరవై సగాలెక్కణ్ణుంచి తెస్తాం? కెంబ్రూ మెక్లియాడ్, పీటర్ డికోలా అనే ఇద్దరు పరిశోధకులు 2011లో వచ్చిన తమ పుస్తకంలో ఈ లెక్క కట్టారు. 'ఫియర్ ఆఫ్ ఎ బ్లాక్ ప్లానెట్'లోని ముక్కలన్నిటికీ తర్వాతి కాలపు రేట్లతో అనుమతులు తీసుకుంటే, అమ్మిన ప్రతి కాపీ మీదా సుమారు నాలుగున్నర డాలర్లు నష్టమట. ఎంత ఎక్కువ అమ్మితే అంత అప్పు. పబ్లిక్ ఎనిమీ తమ పద్ధతే మార్చుకోవాల్సి వచ్చిందని చక్ డి చెప్పాడు.

'బ్రింగ్ ది నాయిజ్'లో ఫంకడెలిక్ బృందం పాట ముక్క ఒకటుంది. అదే పాటలోంచి రెండు సెకన్ల గిటారు ఇంకెవరో తీసుకున్నందుకు 2005లో మరో పెద్ద తీర్పొచ్చింది. రికార్డింగ్ లోంచి ఎంత చిన్న ముక్క తీసినా లైసెన్సు తీసుకోవాల్సిందే, లేదా అసలు ముట్టుకోవద్దు అని. ఆ తీర్పిచ్చిన ఆరో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఉన్న ఊరు ఏదనుకున్నారు, సిన్సినాటి! 2016లో మడోనా 'వోగ్' పాటలో 0.23 సెకన్ల బాజా ముక్క మీద కాలిఫోర్నియా వైపు తొమ్మిదో సర్క్యూట్ కోర్టు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పింది. అంటే మీరున్న రాష్ట్రాన్ని బట్టి పావు సెకను నేరమో కాదో తేలుతుంది. డి లా సోల్ మొదటి ఆల్బం అయితే ఈ చిక్కుల్లోనే పడి 2023 మార్చిదాకా స్ట్రీమింగ్ లోకే రాలేదు.

ఇదంతా చదివాక నా చికాకు ఏమిటంటే, సొంతదారుల హక్కు పేరుతో ఒక సంగీత పద్ధతికి తలుపు మూసేశారు, బాగుంది. తలుపు మూశాక కూడా డ్రమ్మర్ బయటే ఉన్నాడు. తెరిచి ఉన్నప్పుడు ఆయన్ని అడక్కుండా వాడుకున్నారు, మూశాక ఆయన్ని అడగాల్సిన పనే లేదని తేల్చారు. బాంబ్ స్క్వాడ్ పని గొప్పదని నేను ఎంత గట్టిగా వాదించినా, ఆయన మాటొచ్చేసరికి నా నోట్లో మాట ఉండదు.

వాళ్ళకి కూడా ఉండలేదనుకుంటాను. 1990లో మడోనా 'జస్టిఫై మై లవ్' వచ్చినప్పుడు, అందులో డ్రమ్ములు 'నేషన్'లోని 'సెక్యూరిటీ ఆఫ్ ది ఫస్ట్ వరల్డ్' నుంచి ఎత్తుకున్నారని హ్యాంక్ షాక్లీ మండిపడ్డాడు. ఆ డ్రమ్ములేమో మొదట స్టబుల్‌ఫీల్డ్‌వి! 1998లో చక్ డి తన గొంతులోంచి అంకెలు లెక్కపెట్టిన ముక్కని నొటోరియస్ బి.ఐ.జి. పాటలో వాడారని దావా వేశాడు. అది క్రాక్ అమ్మడానికి పది సూత్రాలు చెప్పే పాట, 'బేస్‌హెడ్స్' రాసిన మనిషి గొంతుతో. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. తన గొంతు తను ఒప్పుకోని చోట మోగడం ఎవరికైనా కష్టమే. అదే ప్రశ్న 'గ్రంట్' శాక్సోఫోన్ కూడా అడగొచ్చు కదా అని మాత్రం అనిపిస్తుంది.

మనవైపు కూడా ఈ కథ వచ్చింది. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని 'అడిక్టివ్' అనే పాట అమెరికాలో మార్మోగింది. మోగిందంతా 1981 నాటి 'జ్యోతి' సినిమాలో లతా మంగేష్కర్ గొంతు, బప్పీ లహిరి బాణీ. గ్యాంగ్ లీడర్, సింహాసనం పాటల బప్పీ లహిరియే. విదేశీ డిస్కో బాణీలు తెచ్చుకుంటాడని జీవితాంతం మాటపడ్డ మనిషి లాస్ ఏంజెల్స్ కోర్టుకెక్కి, తన పేరు వేసేదాకా అమ్మకాలు ఆపమన్న ఉత్తర్వు తెచ్చుకున్నాడు. నాకు చచ్చే సంతోషం వేసింది. 2007లో ఎం.ఐ.ఎ. 'కాలా' ఆల్బం మొదటి పాటలో ఇళయరాజా ఉన్నాడు. మనం 'దళపతి'గా చూసిన సినిమాలో రజనీకాంత్, మమ్ముట్టి ఆడే పాట తాలూకు తమిళ రికార్డు అది. ఆ డప్పుల హోరు విని నాతో పనిచేసే అమెరికన్ ఒకతను ఎగిరి గంతేశాడు. బప్పీ పేరుంది, లత పేరుంది, ఇళయరాజా పేరుంది. ఆ డప్పులు వాయించిందెవరని అతనడిగితే నా దగ్గర జవాబు లేదు. క్యాసెట్ అట్ట మీద ఎప్పుడైనా ఉంటేగా! 2017లో అమెరికాలో బాలు గారి కచేరీలు నడుస్తుండగా ఇళయరాజా పాటలు పాడొద్దని లాయర్ నోటీసు వచ్చినప్పుడు, పాట స్వరకర్తదా గాయకుడిదా అని మనవాళ్ళు వారాల తరబడి కొట్టుకున్నారు. మూడో మనిషి ఊసు ఆ గొడవలో నాకెక్కడా కనపడలేదు.

స్టబుల్‌ఫీల్డ్ 1970ల నుంచి విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఉండేవాడు, అక్కడి క్లబ్బుల్లో వాయించేవాడు. క్యాన్సర్ వచ్చినప్పుడు ఆస్పత్రి బిల్లులు గాయకుడు ప్రిన్స్ ఎవరికీ చెప్పకుండా కట్టేశాడు. 2016లో ప్రిన్స్ పోయాక గానీ ఆ సంగతి బయటికి రాలేదు. 'కాపీరైట్ క్రిమినల్స్' అనే డాక్యుమెంటరీలో స్టబుల్‌ఫీల్డ్ కనిపిస్తాడు. దానికి 2011లో 'ఫంకీ డ్రమ్మర్ ఎడిషన్' అని ఒక పెట్టె తెచ్చారు. ఆయన చేత కొత్తగా దరువులు వాయించి, శాంపిల్ చేసుకోవడానికి సిద్ధంగా, ఆయన పేరుతో, ఆయనకి వాటా వచ్చేలా. 2017 ఫిబ్రవరి 18న పోయాడు, 73 ఏళ్ళు.

ఆ కొత్త దరువుల్లో చేతులు అవే, నడకా అదే. కానీ హ్యాంక్ షాక్లీ చెప్పిన ఆ గది లేదు, ఆ టేపు లేదు. జనం తీసుకునేది ఇప్పటికీ సిన్సినాటి ఇరవై సెకన్లనే.

వినాలనిపిస్తే ఈ వరసలో వినండి. ముందు 'ది గ్రంట్' మొదటి కొన్ని సెకన్లు. తర్వాత 'ఫంకీ డ్రమ్మర్' పూర్తి రికార్డు, ఐదో నిమిషం దాటాక అందరూ ఆగిపోయే చోటు. ఆ తర్వాత 'రెబెల్ వితౌట్ ఎ పాజ్'. హెడ్‌ఫోన్స్ మంచివి పెట్టుకోండి, ఆ చిన్న తాకిడి దెబ్బలు ల్యాప్‌టాప్ స్పీకర్లో వినపడవు.